చిక్కిన ఊరు: పిర్టన్ పెరళ్ళలో దొరికిన పెంకులు

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? పిల్లలు ముందుకొచ్చి ఈ చాప మీద కూర్చోండి, ఎందుకంటే చివర్లో ఈ అట్టపెట్టెలో ఉన్నవి మీ చేతికే ఇస్తాను.

మనలో చాలామంది ఇక్కడ ఇంగ్లండులో స్టీవెనేజ్, లూటన్, హిచిన్ చుట్టుపక్కలే ఉంటున్నాం. హిచిన్ నుంచి ఓ ఐదు కిలోమీటర్లు వాయవ్యంగా వెళితే పిర్టన్ అని ఒక పల్లె వస్తుంది. చిల్టర్న్ కొండలు దిగి నేల చదునయ్యే చోట ఉంటుంది. పాత చర్చి, పబ్బు, బడి, పచ్చిక మైదానం, చుట్టూ పొలాలు, అంతే. కారులో వెళితే మూడు నిమిషాల్లో దాటేస్తాం. నేనూ చాలాసార్లు దాటేశాను. ఆ ఊరి పేరుకి అర్థం బేరి చెట్ల ఊరు అని. పాత ఇంగ్లీషులో పిరిగె అంటే బేరి చెట్టు, తూన్ అంటే దడి కట్టుకున్న ఇల్లూ దొడ్డీ, తర్వాత్తర్వాత ఊరు అనే అర్థం వచ్చింది. మనకి పాడు, పర్రు, పూడి ఉన్నట్టు వాళ్ళకి ఊరిపేర్ల చివర టన్, హామ్ ఉంటాయి. అంటే ఈ ఊరికి పేరు పెట్టినవాళ్ళు, రోమన్ల తర్వాత ఇక్కడికి వచ్చి స్థిరపడిన సాక్సన్ల భాష మాట్లాడేవాళ్ళు. 1086లో విలియం రాజు రాయించిన భూముల లెక్కల పుస్తకం, డూమ్స్‌డే బుక్కులో కూడా ఈ ఊరు ఉంది, పెరిటోన్ అని రాసుకున్నారు, రాల్ఫ్ డి లిమేసీ అనే నార్మన్ దొర, అంటే 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండుని గెలిచినవాళ్ళలో ఒకడు, చేతిలో ఉందని అందులోనే ఉంది.

చర్చి పక్కన ఒక దిబ్బ ఉంటుంది, టూట్ హిల్ అంటారు, అంటే కాపలా కాసే మిట్ట. నార్మన్లు వచ్చాక మట్టి పోసి పైన కట్టుకున్న కోట తాలూకు దిబ్బ అది, చుట్టూ కందకంలో కొంత మేర ఇప్పటికీ నీళ్ళు నిలుస్తాయి. దాన్ని చూడగానే ఎవరికైనా ఇక్కడేదో ఉందని తెలుస్తుంది. కానీ దాని పక్కనే బరీ అని ఒక పచ్చిక బయలుంది. నేను మాట్లాడాలనుకున్నది ఆ బయలు గురించి. ప్రభుత్వం రక్షిత స్థలాల జాబితాలో దాన్ని కోటతో కలిపి 'ష్రంకెన్ మెడీవల్ విలేజ్' అని రాసింది. దీనికి తెలుగులో ఏమనాలా అని నేను చాలా రోజులు ఆలోచించాను. కుంచించుకుపోయిన గ్రామం అంటే ప్రభుత్వ జీవోలా ఉంది. మా అమ్మ ఎవరైనా జబ్బుపడి లేచినవాళ్ళని చూసి "ఎంత చిక్కిపోయావే" అంటుంది కదా, ఆ మాటే సరైనది అనిపించింది. చిక్కిన ఊరు. చచ్చిపోలేదు, చిక్కింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు మిట్టమధ్యాహ్నం. నాకేమీ కనపడలేదు, ఎత్తుపల్లాలుగా ఉన్న గడ్డి బీడు, అంతే. తెలిసినావిడ ఒకరు "నవంబరులో సాయంత్రం మూడున్నరకి రా" అన్నారు. వెళ్ళాను. పొద్దు బాగా కిందికి వాలి ఎండ నేలబారుగా పడుతుంటే ప్రతి చిన్న గట్టుకీ నీడ వచ్చింది, అప్పుడు ఊరు కనపడింది. నిజంగా కనపడిందండి. మన ఊళ్ళల్లో డొంక ఉంటుంది చూడండి, బళ్ళూ గొడ్లూ తరతరాలుగా నడిచి నడిచి రెండు పక్కల పొలాల కంటే లోతుకి దిగిపోయిన దారి, అచ్చం అలాంటి డొంకే ఒకటి గడ్డి కింద వంపు తిరిగి పోతోంది. దాని పక్కన చదరంగా చిన్న చిన్న మెరకలు, ఒక్కొక్కటీ ఒక ఇల్లు. మెరకకీ మెరకకీ నడుమ లోతు తక్కువ కాలవ, అది ఎవరి దొడ్డి వాళ్ళదని తీసుకున్న హద్దు. డొంక మధ్యలో నిలబడి రెండు వైపులా చూస్తే వీధిలో నిలబడ్డట్టే ఉంది, ఇళ్ళు మాత్రం లేవు. నేను పుట్టిన ఊరు గుర్తొచ్చి కాసేపు కదలలేకపోయాను.

సరే, విషయానికి వస్తాను. ఇంగ్లండులో పూర్తిగా పాడుపడిన మధ్యయుగపు ఊళ్ళు దాదాపు 3,000 దాకా గుర్తించారు. వాటిలో అందరూ చెప్పుకునేది యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీ. మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1948లో అక్కడికి వెళ్ళారు, 1950లో తవ్వడం మొదలైంది, తర్వాత జాన్ హర్స్ట్ అనే పురావస్తు శాస్త్రవేత్త తోడయ్యారు, ఏటా వేసవిలో తవ్వుతూ తవ్వుతూ 1990 దాకా. నలభై ఏళ్ళు ఒకే ఊరు! చిత్రమేమిటంటే పద్నాలుగో శతాబ్దపు ప్లేగు వచ్చి ఆ ఊరిని ఊడ్చిపెట్టేసింది అని జనం అనుకునే కథ అక్కడ నిలబడలేదు. ప్లేగు తర్వాత కూడా ఊరు బతికే ఉంది, సన్నబడుతూ వచ్చింది, 1500 ప్రాంతంలో దొర గొర్రెల కోసం మిగిలిన కుటుంబాలని లేపేశాక ఖాళీ అయింది. గొర్రె బొచ్చుకి ధర ఉంది, కూలీలకి జీతం ఎక్కువ, గొర్రెల మందకి ఒక్క కాపరి చాలు. లెక్క అంత సులువు.

ఇక్కడ ఒక చిక్కుంది. చచ్చిపోయిన ఊరిని తవ్వడం తేలిక. పైన ఎవరూ లేరు, గొర్రెల్ని పక్కకి తోలితే చాలు. అందుకని యాభై ఏళ్ళపాటు పల్లెల గురించి తవ్వకాల్లో మనకి తెలిసింది చాలావరకు చచ్చిపోయిన పల్లెల నుంచే తెలిసింది. ఇది ఎలా ఉంటుందంటే, ఊళ్ళో జనం ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవడానికి శ్మశానానికి మాత్రమే వెళ్ళి రాసుకొచ్చినట్టు. బతికి ఉన్న ఊళ్ళ సంగతేమిటి? వాటి పాత కాలమంతా ఇవాళ్టి ఇళ్ళ కింద, గ్యారేజీల కింద, గులాబీ మొక్కల కింద ఉంది. ఊళ్ళో వాళ్ళందరినీ లేపి తవ్వలేం కదా.

దీనికి దొరికిన ఉపాయం చాలా చిన్నది, చాలా అందమైనది. పెరట్లో మీటరు పొడవు, మీటరు వెడల్పు, ఒకే ఒక్క గుంట. ఇలాంటి గుంటలు తీయడం అంతకుముందూ ఉంది, కానీ కరెంజా లూయిస్ అనే పురావస్తు శాస్త్రవేత్త దాన్ని జనం పనిగా మార్చారు. టీవీలో టైమ్ టీమ్ అనే తవ్వకాల కార్యక్రమం చూసినవాళ్ళకి ఆవిడ తెలిసే ఉంటారు. కేంబ్రిడ్జిలో 2005 నుంచి పద్నాలుగు పదిహేనేళ్ళ బడి పిల్లల్ని పల్లెలకి తీసుకెళ్ళి రెండు రోజుల్లో ఒక గుంట తవ్వించడం మొదలుపెట్టారు. ఇళ్ళవాళ్ళు మా పెరట్లో తవ్వుకోండి అని పిలిచేవాళ్ళు, కేకులు చేసి పెట్టేవాళ్ళు. పిర్టన్ అలా తవ్విన ఊళ్ళలో ఒకటి, అక్కడ జనం ఎంత ఇష్టపడ్డారంటే ఒకసారి అయిపోయాక ఊరుకోలేదు, ఏడాది తర్వాత ఏడాది మళ్ళీ మళ్ళీ తవ్వారు. నేనూ ఒక గుంటలో దిగాను.

ఎలా తవ్వుతారో చెబుతాను, ఎందుకంటే మొత్తం విషయం ఈ పద్ధతిలోనే ఉంది. ముందు పైన గడ్డిని చాపలా కోసి వరుసగా ప్లాస్టిక్ పట్టా మీద పేర్చుకోవాలి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి, మళ్ళీ అలాగే పరచాలి కాబట్టి. తర్వాత పది సెంటీమీటర్ల మందాన ఒక్కో పొర. పది తవ్వగానే ఆగాలి. ఆ పది సెంటీమీటర్ల మట్టినీ బకెట్లకెత్తి సెంటీమీటరు కన్నాలున్న జల్లెడలో పట్టాలి, మిగిలిన ప్రతి ముక్కా ఏరి సంచిలో వేసి సంచి మీద గుంట నంబరు, పొర నంబరు రాయాలి. అప్పుడుగానీ రెండో పొర ముట్టుకోకూడదు. మా గుంటలో రెండో రోజు వాన మొదలైంది, తొందరలో ఒక సంచి మీద నంబరు వేయడం మర్చిపోయాం. అందులో మంచి ముక్కలే ఉన్నాయి, కానీ అవి ఏ పొరవో తెలియకపోతే లెక్కలోకి రావు, పక్కన పెట్టేశారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన చేతిలో వస్తువు ఉండి కూడా అది ఎక్కడిదో పోగొట్టుకుంటే వస్తువు పోగొట్టుకున్నట్టే అని నాకు తెలిసింది అప్పుడే.

పై పొరల్లో ఏం వస్తుందో ఎవరైనా చెప్పగలరు. ప్లాస్టిక్ ముక్కలు, మేకులు, బొగ్గు, ఒక చిన్న బొమ్మ కారు చక్రం. ఇంకాస్త కింద నీలం తెలుపు పింగాణీ, విక్టోరియా రాణి కాలం నాటి పళ్ళేలు, అవి ఇంగ్లండులో ఏ పెరట్లో గీకినా వస్తాయి. ఆ కింద పొగాకు పీల్చే తెల్ల మట్టి గొట్టాల ముక్కలు, అవి పదహారో శతాబ్దం చివర పొగాకు వచ్చాకే మొదలవుతాయి కాబట్టి చేతికి దొరికిన క్యాలెండరు లాంటివి. ఆ తర్వాత ఎరుపు మట్టి కుండల ముక్కలు, లోపలి వైపు గోధుమరంగు మెరుపు పూత.

ఇంకా కిందికి వెళ్ళాక నా పక్కన తవ్వుతున్న అమ్మాయి, పద్నాలుగేళ్ళుంటాయి, జల్లెడలోంచి ఒక నల్లటి ముక్క తీసి "ఇది బొగ్గా?" అని అడిగింది. చేతిలోకి తీసుకున్నాను. ఇక్కడ కాసేపు ఆగి చెప్పాలి. బొటనవేలు గోరంత వెడల్పు, రెండు గోళ్ళంత పొడవు. ఒక అంచు గుండ్రంగా బయటికి మడిచి ఉంది, అంటే కుండ మూతి దగ్గర ముక్క. పైన కొంచెం ఊదారంగు కలిసిన నలుపు, లోపల బూడిదరంగు, విరిగిన చోట తెల్లటి చుక్కలు, బియ్యం నూకలు చల్లినట్టు. తడిపి వేలితో రుద్దితే సబ్బు బిళ్ళలా జారుతుంది. ఆ తెల్ల చుక్కలు గవ్వలండి, కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో ఉండి మట్టిలో కూరుకుపోయిన గవ్వల పొడి. దీన్ని సెంట్ నీట్స్ రకం అంటారు, 900 నుంచి 1100 దాకా ఈ ప్రాంతమంతా వాడిన వంట కుండ. మూతి అంచు మీద సన్నటి గీతలు కనిపిస్తాయి, సారె మీద తిరుగుతున్నప్పుడు కుమ్మరి వేళ్ళు ఆనిన గీతలు. కింది వైపు మసి ఇంకా ఉంది. వెయ్యేళ్ళ కిందట ఎవరో పొయ్యి మీద పెట్టి దేన్నో ఉడికించిన మసి అది, ఆ అమ్మాయి దాన్నే బొగ్గు అనుకుంది. పూర్తిగా తప్పేమీ కాదు.

సాక్సన్ల కాలం అంటే ఒక్క ముద్దగా అనుకోకూడదు. రోమన్ల పాలన 410 ప్రాంతంలో ముగిసింది, తర్వాత ఉత్తర జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి జనం వచ్చి స్థిరపడ్డారు. తొలి రోజుల్లో వాళ్ళ కుండలు సారె లేకుండా చేత్తో చేసినవి, మట్టిలో గడ్డి తొక్కి కలిపి ఆరుబయట మంటలో కాల్చినవి. అవి బిస్కెట్లా నుసైపోతాయి, వెయ్యిన్నర ఏళ్ళ వానలకీ మంచుకీ నాగలికీ మిగలడమే గొప్ప. అందుకని అలాంటి ముక్క ఒక్కటి వచ్చినా పురావస్తు వాళ్ళు లేచి నిలబడతారు. ఇళ్ళూ అంతే, కర్ర గుంజలు పాతి తడిక అల్లి మట్టి మెత్తినవి, కొన్నింటి కింద తవ్విన గుంట ఉండేది. సఫోక్‌లో వెస్ట్ స్టో అనే చోట అలాంటి ఊరిని 1965 నుంచి 1972 దాకా తవ్వి, అదే స్థలంలో మళ్ళీ ఆ ఇళ్ళు కట్టి చూపిస్తున్నారు, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. కుండలే కాదు, ఇళ్ళు కూడా మన్నులో కలిసిపోయేవే.

ఆ తొలి కాలంలో ఊరు అంటే మనం అనుకునే ఊరు కాదు. ఇక్కడో రెండిళ్ళు, అక్కడో మూడిళ్ళు, కొన్ని తరాలు గడిచాక అవి కూడా పక్కకి జరుగుతాయి. తొమ్మిదో శతాబ్దం తర్వాత, ముఖ్యంగా పది పదకొండు శతాబ్దాల్లో, ఇంగ్లండు నడుమ భాగంలో జనం ఒకచోట చేరి, చర్చి చుట్టూ ఇళ్ళు కట్టుకుని, భూమినంతా పెద్ద పెద్ద పొలాలుగా కలిపి, అందులో ఒక్కొక్కరికీ అక్కడక్కడా పట్టీలు పంచుకున్నారు. ఆ పట్టీలని ఎనిమిది ఎద్దులు కట్టిన బరువు నాగలితో దున్నేవాళ్ళు. ఆ నాగలి మట్టిని ఎప్పుడూ కుడివైపే తిరగేస్తుంది, అందుకని పట్టీ నడుమ ఏటికేడు మెరక పెరుగుతుంది. ఎనిమిది ఎద్దుల వరసని గట్టు దగ్గర ఒక్కసారిగా తిప్పలేరు కాబట్టి ముందు నుంచే ఒక పక్కకి వాలుస్తూ వస్తారు, ఆ వాలు వల్ల చాళ్ళు పాములా వంకర తిరుగుతాయి. ఇంగ్లండులో రైల్లో పోతుంటే సాయంత్రం పూట గడ్డి బీళ్ళలో అలలు అలలుగా కనిపించేవి ఇవే. ఎద్దుల మెడలు తిరిగిన వంపు ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా నేల మీద ఉంది. నాకు ఏ కోట కన్నా ఇదే ఎక్కువ.

పిర్టన్‌లో తవ్విన గుంటల్లో చాలావాటిలో ఈ సెంట్ నీట్స్ పెంకులు వచ్చాయి. అంటే నార్మన్లు వచ్చేనాటికే ఇది చెప్పుకోదగ్గ ఊరు. కోట వచ్చాక ఊరు ఇంకా ఒళ్ళు చేసింది. పన్నెండు పదమూడు శతాబ్దాల బూడిదరంగు కుండ ముక్కలు, ఈ జిల్లాలోనే చేసిన రకం, గుంట తర్వాత గుంటలో గుప్పెళ్ళకొద్దీ. ఇవాళ్టి ఇళ్ళ మధ్యలోనూ ఉన్నాయి, ఇళ్ళు లేని చోట్లా ఉన్నాయి.

ఇక్కడ ఎవరికైనా అనుమానం రావాలి. పెంకు దొరికితే అక్కడ ఇల్లున్నట్టేనా? కాదండి. మన ఊళ్ళో చేసినట్టే వాళ్ళూ వంటింటి చెత్త పేడదిబ్బ మీద పారేసేవాళ్ళు, ఆ ఎరువు పొలానికి తోలితే పగిలిన కుండ కూడా పొలానికి పోతుంది. మా చిన్నప్పుడు ఊరవతల పాటిదిబ్బ ఉండేది, ఎండాకాలం రైతులు అక్కడి పాటిమన్ను బళ్ళకెత్తి చేలో పోసేవాళ్ళు, ఆ మన్ను నల్లగా పొడిపొడిగా ఉండేది, నిండా చిల్లపెంకులు. మేం చేలో నడుస్తుంటే కాలికి గుచ్చుకునేవి. చేలో పెంకులున్నాయి కదా అని అక్కడ ఊరుందనుకుంటే తప్పే కదా. ఇక్కడా అంతే, ఒకటో రెండో పెంకులు, చిన్నవి, అంచులు అరిగి గులకరాళ్ళలా అయినవి వస్తే అది ఎరువుతో వచ్చిన పెంకు, నాగలి కింద నలిగిన పెంకు. ఐదారు కలిసి వచ్చి, పెద్దవిగా ఉండి, విరిగిన అంచు ఇంకా పదునుగా ఉంటే, అది పగిలిన చోటుకి దగ్గర్లోనే పడి ఉంది, అంటే ఇల్లు దగ్గర్లోనే ఉంది. అరిగిందా లేదా అని వేలితో తడిమి చూడటమే పరీక్ష, మెషీన్లు ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు మాట. మా గుంటలో ఆ బూడిదరంగు పెంకులకీ, వాటికి పైన వచ్చిన ఎరుపు మట్టి కుండలకీ మధ్య ఒక పొర ఉంది. జల్లెడ పడితే ఎముక ముక్క, నాలుగు చెకుముకి రాళ్ళు, అంతే. కుండ పెంకు ఒక్కటి లేదు. ఆ అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ, పక్క పెరటి వాళ్ళకి ఏదో దొరికిందని అరుపులు వినపడుతున్నాయి, మాకేమో ఖాళీ. ఆ పూట మా గుంటని చూడటానికి వచ్చిన నిపుణురాలు వంగి పెంకుల సంచి చూసి, "ఇదే రాయండి, శ్రద్ధగా రాయండి, ఏమీ లేదు అని" అన్నారు. పద్నాలుగో శతాబ్దం చివర నుంచి పదహారో శతాబ్దం దాకా ఈ పెరట్లో కుండ పగలగొట్టేవాళ్ళు లేరు. ఆ ఖాళీ సంచి ఒక ఇంటి సంగతి.

ఏమైందో మీకు తెలుసు. 1315 నుంచి 1317 దాకా ఎడతెగని వానలు, పంటలు కుళ్ళిపోయాయి, కరువు. వెంటనే పశువులకి తెగులు, దుక్కిటెడ్లు పోయాయి. ఒక తరం తేరుకునేలోపు 1348 వేసవిలో దక్షిణ తీరాన డోర్సెట్‌లో ప్లేగు దిగింది, 1349 కల్లా ఈ ప్రాంతానికి వచ్చేసింది. జనంలో మూడోవంతు నుంచి సగం దాకా పోయారు. అది ఒక్కసారితో పోలేదు, 1361లో మళ్ళీ, 1369లో మళ్ళీ. 1300 ప్రాంతంలో ఇంగ్లండు జనాభా 45 లక్షల నుంచి 60 లక్షల మధ్య ఉండేదని అంచనా, 1377 తలపన్ను లెక్కల్ని బట్టి చూస్తే దాదాపు 25 లక్షలకి పడిపోయింది. తిరిగి పాత సంఖ్య అందుకోవడానికి రెండు వందల ఏళ్ళకి పైగా పట్టింది.

కొందరు చరిత్రకారులు ప్లేగు అంత దెబ్బ కొట్టలేదు, కాగితాల్లో ఎక్కువ చేసి రాశారు అని వాదించేవాళ్ళు. ఎందుకంటే కాగితాలు అన్ని ఊళ్ళకీ మిగల్లేదు, మిగిలినవి కూడా దొరల లెక్కలు, పన్నుల లెక్కలు, పూరిగుడిసెలో ఉన్నవాళ్ళని ఎవరు రాస్తారు? ఈ గుంటలు ఆ లోటు తీర్చాయి. తూర్పు ఇంగ్లండులో ఆరు కౌంటీల్లో 55 పల్లెల్లో దాదాపు 2,000 గుంటలు, పదివేల మంది దాకా తవ్వినవాళ్ళు, ఎక్కువగా పిల్లలు. కరెంజా లూయిస్ ఆ లెక్కలన్నీ కలిపి 2016లో ప్రచురించారు. ప్లేగుకి ముందటి రెండు వందల ఏళ్ళతో పోలిస్తే తర్వాతి రెండు వందల ఏళ్ళలో పెంకులు దొరికిన గుంటలు సగటున 45 శాతం తగ్గాయి. నార్ఫోక్‌లో దాదాపు 65 శాతం. కొన్ని ఊళ్ళు పెరిగాయి కూడా, అదీ దాచకుండా చెప్పారు.

కుండలు తగ్గితే జనం తగ్గినట్టేనా, ఇత్తడి గిన్నెలు కొనుక్కుని ఉండొచ్చు కదా అని పోయినసారి ఇక్కడే ఒకాయన అడిగారు. మంచి ప్రశ్న. కానీ ప్లేగు తర్వాత మిగిలినవాళ్ళకి కూలి రేట్లు పెరిగాయి, ఎంత పెరిగాయంటే 1351లో రాజు పార్లమెంటుతో చట్టం చేయించి పాత కూలికే పని చెయ్యాలని శాసించాల్సి వచ్చింది. బతికినవాళ్ళ చేతిలో డబ్బుంది, భూమి ఉంది, తిండి మెరుగైంది. డబ్బున్నవాళ్ళ ఇంట్లో కుండలూ కూజాలూ ఎక్కువ పగులుతాయి గానీ తక్కువ కాదు. అందుకని 45 శాతం అనేది జనం తగ్గినదానికి హెచ్చు చేసి చూపే అంకె కాదు, ఇంకా తగ్గించి చూపేదే కావచ్చని నేను నమ్ముతున్నాను.

మరి పిర్టన్ ఎందుకు చచ్చిపోలేదు, వారమ్ ఎందుకు పోయింది? నాకు అన్నిటికన్నా ఆసక్తి ఇక్కడే. ప్లేగు ఇళ్ళని కూల్చదు. వీధిలో పదిళ్ళుంటే నాలుగు ఖాళీ అవుతాయి, వారసులు లేరు. మిగిలిన ఆరిళ్ళవాళ్ళు ఏం చేస్తారు? పక్కవాళ్ళ భూమి చవగ్గా కౌలుకి వస్తుంది, తీసుకుంటారు. అంచున ఉన్నవాళ్ళు, నీళ్ళు నిలిచే చోట ఉన్నవాళ్ళు ఊరి మధ్యలో ఖాళీ అయిన మంచి ఇంటికి మారతారు. దొరకి కూడా మనిషి దొరకడమే కష్టం, అద్దె తగ్గించి మరీ ఉండమంటాడు. అలా ఊరు చచ్చిపోకుండా లోపలికి ముడుచుకుంటుంది. వదిలేసిన ఇంటి కప్పు రెండు మూడు చలికాలాలకి కురుస్తుంది, తడిక కుళ్ళుతుంది, పనికొచ్చే దూలాలు ఎవరో పట్టుకుపోతారు, గోడ మట్టి మెత్తగా జారి అరుగు మీదే కూర్చుంటుంది. దాని మీద గడ్డి. ఆ గడ్డిలోకి గొర్రెలు.

గొర్రెలు వచ్చాయి కాబట్టే బరీ బయలు మనకి మిగిలింది. ఎవరైనా దాన్ని దున్ని ఉంటే ఆ డొంకా, ఆ మెరకలూ పది ఇరవై ఏళ్ళలో చదునైపోయేవి, ఇంగ్లండులో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టర్ల కింద అలా చదునైపోయిన పాత ఊళ్ళు ఎన్నో. ఇక్కడ దున్నలేదు. ఆ ఒక్క కారణం. ఇప్పుడు చట్టం ప్రకారం అక్కడ అనుమతి లేకుండా పార కూడా పెట్టకూడదు, లోహాలు కనిపెట్టే మెషీన్ పట్టుకుని తిరగకూడదు, ఈ మాట మన పిల్లలకి గట్టిగా చెప్పండి. నడవొచ్చు, చూడొచ్చు. తవ్వకాలన్నీ చుట్టూ ఉన్న పెరళ్ళలోనే. వీధి ఎక్కడ ఉందో బయలు చెబుతుంది, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉందో పెరళ్ళు చెబుతాయి, రెండూ కలిపితేగానీ ఊరు అర్థం కాదు.

రెండో రోజు సాయంత్రం గుంట అడుగున తెల్ల సుద్ద మట్టి వచ్చింది, ఎవరూ ముట్టుకోని సహజమైన నేల. దాని మీద తాపీతో శుభ్రంగా గీకి ఫోటో తీసి, నాలుగు గోడలూ బొమ్మ వేసుకుని, తీసిన మట్టంతా మళ్ళీ పోసి తొక్కాం. అడుగున ఆ ఏడాది ముద్ర ఉన్న ఒక పెన్నీ నాణెం వేశాం, మళ్ళీ ఎప్పుడైనా ఎవరైనా తవ్వితే ఇక్కడ ముందే తవ్వారని తెలియడానికి. పేర్చిన గడ్డి చాపలు వరుస తప్పకుండా పరిచి నీళ్ళు పోశాం. వారం తర్వాత ఆ ఇంటావిడ ఫోటో పంపారు, ఎక్కడ తవ్వామో నాకే కనపడలేదు.

మామూలుగా పెరట్లో దొరికింది ఆ పెరటివాళ్ళదే, అది ఇక్కడి నియమం. ఆ ఇంటావిడ తన పెంకులు కొన్ని ఈ పూటకి నాకు నమ్మి ఇచ్చారు. ఇవిగో. ముందు వరుస నుంచి మొదలుపెడదాం. అమ్మా, రెండు చేతులూ దోసిలిలా పట్టు. నల్లగా ఉన్నది సాక్సన్లది, తెల్ల చుక్కలు చూడు, మూతి అంచు మీద వేలు పెట్టు. బూడిదరంగువి ఆ తర్వాతివి. ఎర్రవి ప్లేగు పోయాక రెండు వందల ఏళ్ళకి వచ్చినవి. బూడిదరంగుకీ ఎరుపుకీ మధ్య ఈ చిన్న సంచి ఉంది చూడండి, పొర నంబరు రాసి ఉంది, అందులో ఏమీ లేదు, దాన్ని కూడా చేతులు మార్చండి. పెంకులు పదకొండు, సంచి ఒకటి. మళ్ళీ పెట్టెలోకి పన్నెండూ రావాలి.